వెనక్కి నడిచే ఇసుక పీత

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పిల్లలకు సముద్రమంటే పాఠ్యపుస్తకంలో నీలిరంగు వేసిన చోటు. మాకూ అంతే. పదో తరగతిలో విజ్ఞాన యాత్రకు విశాఖపట్నం వెళ్ళేదాకా మాలో ఒక్కరమూ సముద్రం చూసినవాళ్ళం కాము. ఒడ్డున అలలకు భయపడి దూరంగా నిలబడ్డాం. కాసేపటికి ధైర్యం వచ్చి తడి ఇసుకలో చేతులు పెట్టి తవ్వడం మొదలుపెట్టాం. అప్పుడే మాలో ఒకడు అరిచాడు: "సార్, గిదేందో చేతుల గిలగిల కొట్టుకుంటుంది! ఎనక్కే ఉరుకుతుంది సార్!"

అది ఇసుక పీత. శాస్త్రీయ నామం ఎమెరిటా ఏషియాటికా. వర్గం ఆర్థ్రోపొడా, అంటే కీళ్ళ కాళ్ళ జంతువులు. మన పొలం గట్ల కింద బొరియలు చేసే ఎండ్రికాయకు దూరపు చుట్టమే గాని, దానిలా అడ్డంగా నడవదు, కరవడానికి దీనికి డెక్కలు కూడా లేవు. రేగుపండంత శరీరం, నున్నటి బూడిదరంగు పెంకు, కడుపు కిందికి మడిచిన బల్లెం మొనలాంటి తోక. కళ్ళు సన్నని కాడల చివర సూదిమొనల్లా ఉంటాయి.

వెనక్కి నడిచే జీవి మనకు కొత్తేమీ కాదు. గోడల వారన మెత్తటి దుమ్ములో చిన్న గిన్నెలాంటి గుంట చేసుకుని అడుగున నక్కి ఉండే పురుగును చిన్నప్పుడు మనమందరం పుల్లతో కెలికినవాళ్ళమే. అదీ వెనక్కే నడుస్తుంది, చీమ జారిపడే దాకా కాచుకుని కూర్చుంటుంది. ఇసుక పీతదీ కాచుకునే బతుకే, కాకపోతే దీనికి తిండి తెచ్చేది అల.

ఈ పీత ఉండేది అల వచ్చి పోయే ఆ కొద్దిపాటి మేరలోనే. ఒడ్డు మీద పొడి ఇసుకలో ఉండదు, లోతు నీళ్ళలోనూ ఉండదు. నీరు ఊగించినప్పుడు ఇసుక బురదలా వదులవుతుంది కదా, సరిగ్గా అప్పుడు తోక వైపున్న రెక్కలతోనూ కాళ్ళతోనూ ఇసుకను తోసుకుంటూ రెండు మూడు సెకన్లలో కూరుకుపోతుంది. తోక ముందు దిగుతుంది, తల సముద్రం వైపు ఉంటుంది. కళ్ళు, ఊపిరి తీసుకునే గొట్టంలా కలిసిన చిన్న స్పర్శశృంగాల జత మాత్రమే పైకి ఉంటాయి. అల వెనక్కి మళ్ళేటప్పుడు ఈకల్లాంటి పెద్ద స్పర్శశృంగాల జతను బయటికి చాస్తుంది. కృష్ణలో జాలరి వల పరిచినట్టే. పోయే నీటిలోని ప్లవకాలు, చెత్తాచెదారపు రేణువులు ఆ ఈకలకు అంటుకుంటాయి. వాటిని నోటి దగ్గరకు లాక్కుని తుడుచుకుని తింటుంది. సముద్రం పోటెత్తితే తనూ పైకి జరుగుతుంది, ఆటు వస్తే కిందికి.

ఆడ మగ సంగతి ఇంకా వింత. పెద్దవన్నీ ఆడవే. మగవి మొదట్లో జొన్నగింజంత ఉండి ఆడదాని ఒంటిని పట్టుకుని బతుకుతాయి. అవే పెరిగి పెద్దవై ఆడవిగా మారతాయి! మద్రాసు తీరంలోని ఈ పీతల మీద టి. సుబ్రమోనియం 1981లో ప్రచురించిన పరిశోధన ఈ మార్పును వివరించింది. ఆడపీత నారింజరంగు గుడ్లను కడుపు కింద అతికించుకుని మోస్తుంది. పిల్లలు పొదిగాక డింభకాలుగా నడిసముద్రంలో కొట్టుకుపోయి, వారాల తరబడి తేలి, మళ్ళీ ఏదో ఒడ్డుకు చేరి ఇసుకలో దిగుతాయి.

తన ఒంట్లో చేరినవాటిని బట్టి ఇది నీటి మంచిచెడ్డలు కూడా చెబుతుంది. కాలిఫోర్నియా తీరంలో దీని చుట్టం ఎమెరిటా అనలోగా ఒంట్లో డీడీటీ ఎక్కడెక్కడ ఎంత చేరిందో 1971లోనే కొలిచి చూశారు.

ఆ రోజు మేమొక తప్పు చేశాం. హాస్టల్లో తమ్ముళ్ళకు చూపించాలని ఒక పీతను నీళ్ళ సీసాలో వేసి మూత పెట్టాం. సాయంత్రానికి అది కదలడం మానేసింది. సారు కోప్పడలేదు. "అల లేని నీళ్ళల్ల దానికి ఊపిరాడదురా" అన్నారు అంతే. బస్సు రాజమండ్రి దాటేదాకా మాలో ఎవ్వరమూ మాట్లాడలేదు.

తిరిగి వచ్చాక తొమ్మిదో తరగతి తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, మన బీచుపల్లి కాడ కృష్ణల ఇంత ఇసుక ఉంది గదా, అండ్ల ఎందుకు లేవు?" ఉప్పు నీరు కావాలి, రోజంతా అల కావాలి, డింభకాలు తిరగడానికి సముద్రం కావాలి. ఇదీ జవాబు. అయితే ఆ ప్రశ్న అక్కడితో ఆగలేదు. మన ఇసుకకూ సముద్రానికీ సంబంధం ఉందా అంటే, ఉంది. నదులు మోసుకొచ్చే ఇసుకతోనే తీరం నిలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది గాని, మన వైపు నుంచి కదిలిన మట్టీ ఇసుకా చాలావరకు శ్రీశైలం జలాశయంలోనే కూర్చుంటాయి. ఆ జలాశయం మొదట 308 టీఎంసీలు పట్టేది, తర్వాతి సర్వే నాటికి సుమారు 215కు తగ్గింది. మాలో కొందరి తాతల ఊళ్ళు కొల్లాపూర్ వైపు ఆ నీళ్ళ కిందే మునిగాయి. మేం ఆ ఊళ్ళను ఇంట్లో మాటల్లో వినడమే తప్ప చూసింది లేదు. వాటి మీద ఇప్పుడు, తీరానికి చేరాల్సిన ఇసుక పేరుకుంటోంది. కృష్ణా డెల్టా తీరం చాలా చోట్ల కోతకు గురవుతోంది. ఇసుక పీతకు ఉన్న ఇల్లు ఆ తడి ఇసుక ఒక్కటే.

ఈ ఏడు యాత్రకు సముద్రానికి వెళ్ళే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆటు సమయంలో అల వెనక్కి మళ్ళగానే తడి ఇసుక మీదికి వంగి చూడండి. పోయే నీటిలో చిన్న చిన్న చీలికలు కనిపిస్తాయి, వాటి కిందే ఉంటుంది. రెండు చేతులతో ఇసుకతో సహా ఎత్తండి, నీళ్ళు పోసి చూడండి, మళ్ళీ తడి ఇసుక మీదే దించండి. దించీ దించగానే వెనక్కి నడిచి మాయమైపోతుంది. సీసా మాత్రం తీసుకుపోకండి.