పాత ఐకాన్ ఫైళ్లని క్వాలిటీ పోకుండా టిఫ్‌లోకి మార్చడం ఎలా? ధర్మవరం బుట్టాలతో నేర్చుకున్న పాఠం

ఫ్రెండ్స్, మీ పాత సీడీల్లో డాట్ ఐసీఓ ఫైళ్లు ఉంటే వెంటనే ఏ ఆన్‌లైన్ కన్వర్టర్‌లోనూ వేయకండి. ముందు ఈ ఆర్టికల్ చదవండి. నేను వేసి దెబ్బతిన్నాను కాబట్టి చెప్తున్నా.

మాది హిందూపురం. మా మామ ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు గీస్తాడు. కంప్యూటర్ కొత్తగా నేర్చుకున్న రోజుల్లో ఆయనకి ఐకాన్ ఎడిటర్ తెగ నచ్చింది. కారణం సింపుల్: అందులో గళ్లు ఉంటాయి, అచ్చం గ్రాఫ్ పేపర్ లాగే. అలా చాలా బుట్టాలు ఐకాన్లుగా సేవ్ చేసి పెట్టుకున్నాడు. లేపాక్షి స్తంభాల మీది లతలు చూసి గీసినవి కూడా వాటిలో ఉన్నాయి. ఆ గ్రాఫ్ కాగితాలు ఇప్పుడు లేవు. మిగిలింది ఒక్క సీడీ.

ఆ సీడీని నా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని ధర్మవరం రైలెక్కాను. పెనుకొండ కొండ కనపడేలోపు ఫైళ్లన్నీ జేపీజీలోకి మార్చేశా. పెద్దగా కనపడాలని సైజు కూడా పెంచా. మామకి చూపిస్తే ఒక్కటే అడిగాడు: "ఇదేందప్పా, ఈ గడిలో యా దారం ఎక్కియ్యాల?"

ఎర్ర గడికీ పసుపు గడికీ మధ్య, ఆయన గీయని నారింజ రంగు గళ్లు వచ్చాయి. అలాంటి దారమే ఆ డిజైన్‌లో లేదు.

అసలు తప్పు ఎక్కడ జరిగింది?

సింపుల్‌గా చెప్పాలంటే, గ్రాఫ్‌లో ఒక అడ్డ వరుస అంటే జకార్డ్‌లో ఒక అట్ట. రంగులు ఎక్కువైతే అట్టలూ పెరుగుతాయి. అట్టలో రంధ్రం ఉన్నచోట పడుగు దారం పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. "కొంచెం లేవడం" అనేది ఉండదు. అందుకే ఇక్కడ ఒక్క పిక్సెల్ మారినా అది తప్పే. నేను మూడు తప్పులు చేశా.

మొదటిది జేపీజీ. అది ఫోటోల కోసం చేసిన ఫార్మాట్. బొమ్మని 8×8 ముక్కలుగా విడగొట్టి, కంటికి పెద్దగా తెలియని వివరాలు తీసేస్తుంది. దాంతో గీతల అంచులు చెదిరిపోతాయి.

రెండోది ట్రాన్స్‌పరెన్సీ. మామ లెక్కలో తెలుపు అంటే తెల్ల పట్టు, ట్రాన్స్‌పరెంట్ అంటే బుట్టా లేని చోటు. జేపీజీలో ట్రాన్స్‌పరెన్సీ ఉండదు కాబట్టి రెండూ తెలుపే అయిపోయాయి.

మూడోది, ఒక ఐసీఓ ఫైల్లో చాలా బొమ్మలు ఉండొచ్చు. 32×32 సైజు, 16 రంగుల ఐకాన్ ఒక్కటే ఉంటే ఫైలు సరిగ్గా 766 బైట్లు ఉంటుంది. అందులో రంగులకి 512 బైట్లు, ఏ గడి ఖాళీయో చెప్పే మాస్క్‌కి 128, మిగతాది హెడర్లు, రంగుల పట్టిక. మామ ఫైళ్లలో కొన్ని 1,078 బైట్లు ఉన్నాయి. అంటే లోపల 16×16 చిన్న బుట్టా కూడా ఉందన్నమాట. కన్వర్టర్ పెద్దది ఒక్కటే తీసుకుని చిన్నదాన్ని వదిలేసింది.

మరి టిఫ్ ఎందుకు?

టిఫ్‌ని ఆల్డస్ కంపెనీ 1986లో తెచ్చింది. 6.0 వెర్షన్ 1992లో వచ్చింది, ఇప్పటికీ అదే ఆధారం. లైబ్రరీలు, ఆర్కైవ్‌లు స్కాన్లు దాచుకోవడానికి దీన్ని వాడతాయి. ఎల్‌జెడ్‌డబ్ల్యూ కంప్రెషన్ పెట్టినా ఒక్క పిక్సెల్ కూడా పోదు. పీఎన్‌జీ కూడా లాస్‌లెస్సే, తప్పేం లేదు. ప్రింటింగ్ వాళ్లకి ఇవ్వాల్సి వస్తుందని నేను టిఫ్ ఎంచుకున్నా.

ఇలా చేయండి

1. ఒరిజినల్ ఫైళ్లని రెండు చోట్ల కాపీ చేసి, రీడ్ ఓన్లీ పెట్టండి. మార్చాక కూడా డిలీట్ చేయొద్దు.

2. ఫ్రీ సాఫ్ట్‌వేర్ గింప్‌లో ఐసీఓ ఓపెన్ చేయండి. లోపల ఎన్ని బొమ్మలుంటే అన్ని లేయర్లు కనపడతాయి. ఎన్నో లెక్కపెట్టి రాసుకోండి.

3. సైజు మార్చకుండా ఒక్కో లేయర్‌ని వేరే టిఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. కంప్రెషన్ దగ్గర ఎల్‌జెడ్‌డబ్ల్యూ ఎంచుకోండి. టిఫ్ లోపల కూడా జేపీజీ కంప్రెషన్ ఉంటుంది, అది ముట్టుకోకండి. ట్రాన్స్‌పరెంట్ పిక్సెళ్ల రంగులు సేవ్ చేసే ఆప్షన్ ఆన్ చేయండి.

4. టిఫ్‌ని ఒరిజినల్ మీద లేయర్‌గా పెట్టి మోడ్‌ని డిఫరెన్స్‌కి మార్చండి. బొమ్మ ఉన్న చోటంతా నల్లగా వస్తే రంగులు ఓకే. తర్వాత కింద ముదురు గులాబీ లేయర్ వేసి, ఖాళీ గళ్లు ఖాళీగానే ఉన్నాయో లేదో విడిగా చూడండి.

5. గింప్ ఐకాన్‌ని ఆర్‌జీబీగా ఓపెన్ చేస్తుంది, కాబట్టి రంగుల పట్టికలోని నంబర్లు టిఫ్‌లోకి రావు. ఏ రంగు ఏ దారమో పక్కన ఒక టెక్స్ట్ ఫైల్లో రాయండి. అది గీసినవాళ్లకే తెలుస్తుంది, వాళ్లున్నప్పుడే అడగండి.

6. పెద్దగా చూడాలంటే కాపీ మీద మాత్రమే 20 రెట్లు పెంచండి, ఇంటర్‌పొలేషన్ "నన్" పెట్టి. 32 గళ్లు 640 పిక్సెళ్లవుతాయి, గళ్లు గళ్లుగానే ఉంటాయి.

హై క్వాలిటీ అంటే పెద్ద సైజు అనుకునేవాణ్ణి. ఇక్కడ ఉన్నవి 1,024 గళ్లే. ఆ 1,024 ఉన్నవి ఉన్నట్టు ఉండటమే క్వాలిటీ.

రెండోసారి ప్రింట్ తీసి మామకిచ్చా. ఆయన వేలు పెట్టి ఒక వరుస గళ్లు లెక్కపెట్టాడు, తర్వాత ఇంకో వరుస. "పసుపంటే జరీ, రాసుకో" అన్నాడు. ఆ రోజు సాయంత్రం దాకా రాస్తూనే ఉన్నా. ఆ సీడీలో మూడు ఫైళ్లు మాత్రం గీతలు పడి ఓపెన్ కాలేదు. మీ ఇంట్లో అలాంటి సీడీ ఉంటే ఈ వారమే కాపీ చేసుకోండి.