మొదటి ఆపరేషనుకు, రెండవ ఆపరేషనుకు మధ్య



కొందరు పసిబిడ్డలకు గుండెలో రక్తాన్ని పంపు చేసే రెండు గదులలో ఒకటే సరిగా ఎదిగి ఉంటుంది. అటువంటి బిడ్డలకు సాధారణంగా మూడు విడతలుగా ఆపరేషను చేస్తారు. పుట్టిన కొద్ది రోజులలో లేక వారాలలో చేసే మొదటిదానిలో, చాలామందికి ఒక సన్నని గొట్టం అమర్చి ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళేలా చేస్తారు. సుమారు 4 నుండి 6 నెలలకు రెండవది. తల, చేతుల నుండి వచ్చే పెద్ద సిరను ఊపిరితిత్తుల రక్తనాళానికి కలుపుతారు. నడుము కింది భాగపు సిరను 2 నుండి 5 సంవత్సరాల మధ్య కలుపుతారు. ఈ మూడవ పద్ధతికి ఫ్రాన్సు దేశంలో డాక్టర్ ఫాంటన్ 1968లో నాంది పలికారు.

"ఆపరేషను బాగా జరిగిందన్నారు కదా, ఇక భయం లేదా సిస్టర్?" అని తల్లులు అడుగుతారు. ఉన్నమాట చెప్పాలి. వీటిలో కష్టమైనది ఎడమ గది ఎదగని జబ్బు. ఉత్తర అమెరికాలో అటువంటి 549 మంది బిడ్డల ఫలితాలు 2010లో వెలువడ్డాయి. ఏడాది నిండేసరికి గుండె మార్పిడి లేకుండా బ్రతికి ఉన్నవారు, ఒక రకం గొట్టం పెట్టినవారిలో నూటికి 74 మంది, మరొక రకంలో 64 మంది. చనిపోయినవారిలో కొందరు ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్ళిన తరువాత, రెండవ ఆపరేషనుకు ముందే పోయారు.

అమెరికాలోని మిల్వాకీ నగర వైద్యులు తల్లిదండ్రులకు ఒక తూకం యంత్రం, ఆక్సిజన్ చూపే పల్స్ ఆక్సీమీటరు ఇచ్చి ఇంటికి పంపారు. అంతకుముందు 57 మందిలో 9 మంది ఈ మధ్యకాలంలో చనిపోగా, ఇలా చూసుకున్న 24 మందిలో ఒక్కరూ పోలేదని 2003లో ప్రచురించారు. చిన్న లెక్కే, కాని ఇప్పుడు అనేక ఆసుపత్రులు ఇదే పద్ధతి పాటిస్తున్నాయి.

కారణం ఏమిటంటే, విరేచనాలు, వాంతులు, జ్వరంతో ఒంట్లో నీరు తగ్గితే ఆ సన్నని గొట్టంలో రక్తం గడ్డకట్టవచ్చు. మా వార్డుకు ఒక తల్లి మూడు నెలల బిడ్డను తెచ్చింది. పళ్ళు వస్తున్నాయి, అందుకే విరేచనాలని పెద్దలన్నారట. కాని ఆమె వద్ద తూకం రాసిన నోటు పుస్తకం ఉంది. రెండు రోజులలో 90 గ్రాములు తగ్గాడు. ఆ అంకె చూసి గంటలోపే పెద్దాసుపత్రికి పంపాము. బ్రతికాడు. అంతకుముందు, ఏ తూకమూ రాయని మరొక బిడ్డను మేము దక్కించుకోలేకపోయాము.

కాబట్టి రోజూ ఒకే వేళకు, బట్టలు తీసి, తూకం వేసి రాయండి. ఒక్కరోజులో 30 గ్రాములు తగ్గినా, మూడు రోజులలో కనీసం 20 గ్రాములు పెరగకపోయినా ఫోను చేయండి. ఆక్సిజన్ అంకె ఈ దశలో 75 నుండి 85 మధ్య ఉండడం మామూలే. ఎంతకు దిగితే రావాలో మీ సర్జను వద్ద రాయించుకోండి. పాలు తాగుతూ చెమటలు పోసినా, నీలం ఎక్కువైనా, విరేచనాలు మొదలైనా తెల్లవారేదాకా ఆగవద్దు. అయ్యగారితో ప్రార్థన తప్పక చేయించండి, ఆటోలో వస్తూ ఫోనులో చేయించండి. గొట్టం మూసుకోకుండా రాసిన ఆస్పిరిన్ చుక్కమందు కాదు, మాత్రే అయినా, చెప్పినంత కొలతే ఇవ్వండి. మీ అంతట మీరు మానవద్దు.

బిడ్డ ఒళ్ళు చేశాడని రెండవ ఆపరేషను తేదీని పెళ్ళికో, కోతలకో, క్రిస్మస్‌కో వాయిదా వేయకండి. బిడ్డ పెరుగుతాడు గాని ఆ గొట్టం పెరగదు.