కీబోర్డులో కచేరీ వేదిక



ఈసారి వార్షికోత్సవానికి మన తెలుగు తరగతి తరఫున కీబోర్డు మీద ఒక పాట రికార్డు చేశాం. వేణువు, వయొలిన్, మృదంగం, ఘటం అన్నీ అందులో ఉన్నాయి. వినిపించగానే వేణువు భాగం వాయించిన విద్యార్థి మెల్లగా అడిగాడు: "నాది ఎక్కడుంది మేడమ్?" వాళ్ళ నాన్నగారికి బదిలీ అయి విశాఖ నుంచి ఈమధ్యే వచ్చిన అబ్బాయి. మాకు మనసు చివుక్కుమంది. వేణువు శబ్దం పెంచాం, వయొలిన్ మునిగిపోయింది. దాన్నీ పెంచాం, అంతా గోలయింది. లోపం శబ్దంలో లేదు, చోటులో ఉంది. వాద్యాలన్నీ నడిమధ్యనే కూర్చున్నాయి!

చెవి దిక్కును ఎలా పడుతుంది?

దుర్గాపూజ రోజుల్లో సాల్ట్ లేక్ వీధిలో కళ్ళు మూసుకున్నా, ఢాక్ ఏ వైపు మోగుతోందో చెప్పగలం. ఎడమ నుంచి వచ్చే శబ్దం ఎడమ చెవికి ముందు చేరుతుంది. కుడి చెవికి కాస్త ఆలస్యంగా, తల అడ్డుపడటం వల్ల కాస్త తగ్గి చేరుతుంది. ఆ ఆలస్యం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా మెదడు పట్టేస్తుంది. రెండు చెవుల ఈ శక్తిని ఆధారం చేసుకునే ఇంగ్లండు ఇంజనీరు ఆలన్ బ్లమ్‌లైన్ 1931లో స్టీరియో పద్ధతికి పేటెంటు కోరాడు.

కీబోర్డులో ఈ పని చేసేది 'పాన్'. ఒక వాద్యం ఏ స్పీకరులో ఎంత వినిపించాలో అది పంచుతుంది. మిడి పద్ధతిలో 0 అంటే పూర్తి ఎడమ, 64 నడుమ, 127 పూర్తి కుడి.

ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి?

మన కర్ణాటక కచేరీనే చూడండి. గాయకులు నడుమ ఉంటారు. శ్రోతలకు ఎడమవైపు మృదంగం, కుడివైపు వయొలిన్. మృదంగ విద్వాంసుడు అక్కడ కూర్చుంటేనే కుడిచేతితో వాయించే ముఖం మనవైపు తిరుగుతుంది. మేమూ అలాగే సర్దాం:

పాట – 64
మృదంగం – 40
వయొలిన్ – 88
ఘటం – 28
వేణువు – 100

బేస్ ఉంటే నడుమే ఉంచండి. మంద్రధ్వనుల దిక్కు చెవికి సరిగా అందదు.

రెండు జాగ్రత్తలు

ఏ వాద్యాన్నీ 0కో 127కో నెట్టకండి. హాలులో ఒక అంచున కూర్చున్నవారికి అవతలి వైపు వాద్యం వినిపించకపోవచ్చు. స్పీకర్లు రెండింటికీ ఒకే శబ్దం వెళ్ళేలా తీగలు కలిపితే ఈ అమరిక అంతా పోతుంది. మైకు చూసే అన్నయ్యను ముందే అడగండి.

వేణువు శబ్దాన్ని మళ్ళీ మొదటి స్థాయికి తగ్గించి, చోటు మాత్రమే మార్చి వినిపించాం. ఆ అబ్బాయి హెడ్‌ఫోన్ తీయకుండానే కుడివైపు వేలు చూపించాడు. బదిలీల మీద తిరిగే మనకు ఇది తెలియనిది కాదు: కొత్త క్లాసులో ఎవరైనా కాస్త జరిగి బెంచీ మీద చోటిస్తేనే కదా, మన గొంతు పెగిలేది!

అభ్యాసం: మూడు వాద్యాలతో ఒక చిన్న బాణీ చేయండి. ముందు అన్నీ 64లో, తర్వాత వేర్వేరు చోట్ల ఉంచండి. కళ్ళు మూసుకున్న స్నేహితుణ్ణి ఏది ఎక్కడుందో అడగండి.