'ట్యాటీ', 'ట్యాకీ' – ఏది ఎక్కడ?

ఇంగ్లీషు వాడుకభాషలో ఈ రెండూ చెవికి కవలపిల్లల్లా వినిపిస్తాయి గాని, అర్థంలో పొత్తు తక్కువ.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నేను బేరమాడే పాత డిక్షనరీకి అట్ట ఊడి, అంచులు నలిగి ఉంటాయి. అది 'ట్యాటీ'. వాడి వాడి పాడైందన్నమాట. లోపలి సరుకుకేం లోటు లేదు.

1938లో ఆరంభమైన నుమాయిష్‌కి నాంపల్లి వెళ్ళండి. తళుకుపొడి అద్దిన ప్లాస్టిక్ పూలగుత్తి సరికొత్తదే. ఒక్క గీత లేదు. అయినా చవకబారు ఆర్భాటంగా తోస్తే, అది 'ట్యాకీ'.

మొదటి మాట వస్తువు అవస్థను చెబుతుంది. రెండోది ఎంచుకున్నవారి అభిరుచిని ఎత్తిపొడుస్తుంది. మిత్రుడి పుస్తకాల సంచిని 'ట్యాటీ' అంటే నవ్వేస్తాడు. వాళ్ళమ్మ ముచ్చటపడి కొన్న పూలగుత్తిని 'ట్యాకీ' అంటే నొచ్చుకుంటాడు. చెవికి దగ్గరగా వినిపించినా, మనసుకు తగలడంలో చాలా దూరం సుమా!