కోడె కాడికి వచ్చింది

ప్రకాశం జిల్లాలో ఒక మెట్ట ఊరు. అక్కడ ఒక రైతు కుటుంబం. వాళ్ళకు నాలుగెకరాల చేను ఉంది. జత ఎడ్లలో ఒకటి చనిపోయింది. ముసలి ఎద్దు ఒక్కటే మిగిలింది. దానికి జతగా ఇంట్లో పుట్టిన కోడెనే పెంచారు.

దుక్కికి ట్రాక్టరు పిలుస్తారు. కానీ ఎదిగిన మిరప సాళ్ళ మధ్య ట్రాక్టరు తిరగదు. అక్కడ గుంటక తోలాలి. ఎడ్లను బాడుగకు తెస్తే బోలెడు ఖర్చు.

కోడెకు నాలుగు పళ్ళు వచ్చాయి. పశువుకు ముందుపళ్ళు కింది దవడకే ఉంటాయి. రెండు, రెండున్నర ఏళ్ళకు పాలపళ్ళు రెండు ఊడి పెద్దపళ్ళు వస్తాయి. మూడేళ్ళు వచ్చేసరికి నాలుగవుతాయి. కాడికి అలవాటు చేయడానికి ఇది సరైన వయసు.

కొడుకు ఒకరోజు కోడెను తెచ్చి నేరుగా కాడికి కట్టాడు. అది బెదిరింది. అతను అరిచాడు. ములుగర్రతో పొడిచాడు. తోక మెలిపెట్టాడు. అలా మెలిపెడితే తోక ఎముకలు విరుగుతాయి కూడా. కోడె తాడు తెంచుకొని పరుగెత్తింది. మర్నాడు కాడిని చూడగానే నేల మీద పడుకుంది. ఎంత కొట్టినా లేవలేదు.

"ఇది పనికిరాదమ్మా. సంతలో అమ్మేద్దాం" అన్నాడు కొడుకు.

బెదురు గొడ్డును సేద్యానికి ఎవరు కొంటారు? కోతకు కొనేవాళ్ళే కొంటారు. తల్లికి ఆ సంగతి తెలుసు. పుట్టినప్పటి నుంచీ దానికి మేత వేసింది ఆమే.

"నెల్లాళ్ళు నాకు వదిలెయ్యిరా. ఆ కర్ర మాత్రం దాని కంటికి కనపడనీయకు" అంది.

కోడె ఎందుకు బెదిరింది? పశువు కళ్ళు తలకు పక్కల ఉంటాయి. అందుకని చుట్టూ చాలావరకు చూడగలదు. సరిగ్గా వెనకాల ఉన్నది మాత్రం దానికి కనపడదు. వెనక నుంచి పొడిస్తే ఎవరు పొడిచారో తెలియదు. మెడ మీద కాడి పడింది, ఒంటికి నొప్పి పుట్టింది. కాడే కరిచిందని అది అనుకుంటుంది. మనం దాన్ని మొండి అంటాం. అది మొండితనం కాదు, భయం.

తల్లి కాడిని తెచ్చి గాడి పక్కన నేల మీద పెట్టింది. దాని దగ్గరే గంపలో తవుడు పెట్టింది. మొదటి రోజు కోడె దూరంగా నిలబడింది. ఆమె పిలవలేదు, లాగలేదు. నాలుగో రోజు వచ్చి తవుడు తిన్నది. తర్వాత కాడిని వాసన చూసింది. ఆమె పక్క నుంచి, కనపడేటట్టు వచ్చి గంగడోలు గోకింది. పశువులకు అది ఇష్టం.

తర్వాత తాడు పని. తాడు కొంచెం బిగించింది. కోడె ఒక అడుగు వేసింది. వెంటనే తాడు వదులు చేసింది. కిటుకంతా ఈ వదులులోనే ఉంది. అడుగు వేసినా లాగుతూనే ఉంటే, ఇక గొడ్డు ఎందుకు నడుస్తుంది? గుర్రానికి నేర్పేవాళ్ళు కూడా ఇదే పని చేస్తారు. ముకుతాడును గుంజకూడదు. ముక్కు లోపల చాలా సున్నితం. పుండు పడుతుంది.

నడవడానికి "హై", ఆగడానికి "హో". ఇంట్లో అందరూ అవే మాటలు వాడాలని చెప్పింది. తలా ఒక మాట అంటే గొడ్డుకు తికమక.

రెండో వారం తేలిక దుంగ కట్టి లాగించారు. మూడో వారం ఉత్త కాడితో నడిపించారు. ముసలి ఎద్దు ఎప్పుడూ దాపట, అంటే ఎడమ వైపు నడిచేది. దాన్ని మార్చలేదు. కోడెను ఎలపట కట్టారు. ముసలిది నిదానంగా నడిస్తే కోడె కూడా నడిచింది. పొద్దున్నే చల్లపూట అరగంట, అంతే.

ములుగర్ర సంగతి కొడుక్కి అప్పుడు తెలిసింది. బండి లాగే పశువుల కోసం 1965లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు చేసింది. మేకు ఉన్న కర్ర వాడకూడదు. రోజుకు మొత్తం 9 గంటలకు మించి పని చేయించకూడదు. ఆపకుండా 5 గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి కట్టకూడదు. కొడుకు కర్రకున్న మేకు పీకేశాడు.

కాడిని కూడా చూసుకున్నాడు. గరుకు ఉన్నచోట చెక్కి నున్నగా చేశాడు. మెడ ఒరిస్తే పుండు పడుతుంది. పుండు మానేదాకా మళ్ళీ కాడి పెట్టకూడదు. పెడితే కోడె మళ్ళీ మొదటికి వస్తుంది.

నెల దాటి నాలుగు రోజులైంది. మిరప చేలో గుంటక కట్టారు. కొడుకు "హై" అన్నాడు. ముసలిది కదిలింది. కోడె ఒక క్షణం ఆగింది. కొడుకు చెయ్యి అలవాటు కొద్దీ పైకి లేచింది. గట్టు మీద నుంచి తల్లి చూస్తోంది. అతను చెయ్యి దించి, మళ్ళీ మెల్లగా "హై" అన్నాడు. కోడె నడిచింది.

ఆరు సాళ్ళు అయ్యాక తల్లి వచ్చి కాడి దించమంది. కోడె మెడ తడిమి చూసింది. ఎక్కడా ఒరవలేదు.

"ఇంకా పొద్దుంది కదమ్మా" అన్నాడు కొడుకు.

"రేపు ఎనిమిది తోలుదువులే" అంది.