తేనెలన్నీ ఒకటి కావు

మన ఇళ్ళలో వంటగది అలమారలో ఉప్పు, పసుపుల పక్కనే ఒక చిన్న తేనె సీసా కూడా ఉంటుంది. దగ్గు వస్తే తేనె, చేయి కాలితే తేనె, పుండు మానకపోతే తేనె, బిడ్డ పుడితే నాలుకకు తేనె. “తేనెలో క్రిములు బ్రతకవు ఫాదర్!” అని పెద్దవాళ్ళు ధీమాగా చెబుతారు. ఆ మాటలో నిజం ఉన్నది. కాని ఏ తేనెకు, ఎంతవరకు, ఎవరి విషయంలో అని అడగకుండా నమ్మితే ఆ నిజమే మనకు హాని చేయగలదు. ఈ వారం ఆ సంగతి కొంచెం నిదానంగా చూద్దాం.

తేనెను మందుగా వాడటం నిన్న మొన్నటిది కాదు. ప్రాచీన ఈజిప్టు వైద్యులు గాయాల మీద తేనె, కొవ్వు కలిపి కట్టేవారు. అరిస్టాటిల్ అనగానే సెమినరీలో చదువుకున్న మాకు తర్కశాస్త్రం గుర్తుకు వస్తుంది కాని, ఆయన జంతువుల గురించి రాసిన పెద్ద గ్రంథంలో తేనెటీగల మీద కూడా చాలా రాశాడు. లేత రంగు తేనె కళ్ళ జబ్బులకు, పుండ్లకు మంచిదని అందులో ఉన్నది. (దయచేసి మీరు కంట్లో మాత్రం వేసుకోకండి!) ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, ఆయన ఊరికే “తేనె మంచిది” అనలేదు, ఫలానా రకం తేనె అన్నాడు.

తేనె క్రిములను ఎలా చంపుతుంది? మొదటి కారణం మన ఆవకాయ జాడీలోనే ఉన్నది. ఉప్పు మామిడి ముక్కలోని నీటిని బయటకు లాగేస్తుంది, అందుకే పచ్చడి చెడిపోదు. తేనెలో వందకు సుమారు ఎనభై పాళ్ళు చక్కెరలు, పదిహేడు పద్దెనిమిది పాళ్ళు మాత్రమే నీరు. అందులో పడిన సూక్ష్మజీవి ఒంట్లోని నీటిని ఆ చక్కెరలు పీల్చేస్తాయి. రెండవది పులుపు. తియ్యదనం చాటున మనకు తెలియదు గాని తేనె బాగా ఆమ్ల గుణం కలది. చాలా క్రిములకు ఆ పులుపులో పెరగడం కష్టం.

ఈ రెండే అయితే చిక్కటి బెల్లం పాకంలో కొంచెం నిమ్మరసం పిండుకున్నా సరిపోవాలి. అసలు విశేషం మూడవ దానిలో ఉన్నది. తేనెటీగ పూలరసాన్ని తేనెగా మార్చేటప్పుడు తన తలలోని గ్రంథుల నుంచి ఒక ఎంజైమును అందులో కలుపుతుంది. పండిన తేనెలో అది నిద్రపోతూ ఉంటుంది. ఎప్పుడైతే తేనె గాయం మీది తడితో కలిసి పలుచబడుతుందో, అప్పుడది మేలుకొని, తేనెలోని గ్లూకోజు నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కొద్దికొద్దిగా తయారుచేస్తుంది. ఆసుపత్రిలో పుండు కడిగితే బుసబుస పొంగే మందు ఉంటుందే, అదే. కాకపోతే ఆ సీసాలోని మందుతో పోలిస్తే తేనెలో వచ్చేది సుమారు వెయ్యో వంతు. అంత తక్కువగా, నెమ్మదిగా వస్తుంది కాబట్టి చర్మాన్ని పాడుచేయకుండా క్రిముల మీద పనిచేస్తుంది. తేనెకు క్రిములను అణచే గుణం ఉన్నదని హాలండులో 1892లోనే రాశారు. దాని వెనుక ఉన్నది హైడ్రోజన్ పెరాక్సైడ్ అని తేలడానికి మాత్రం 1960ల దాకా పట్టింది.

ఈ ఎంజైముకు వేడి పడదు, ఎండ పడదు. తేనెను పొయ్యి మీద మరిగించినా, సీసాను కిటికీలో ఎండకు పెట్టినా తీపి మిగులుతుంది గాని ఈ గుణం పోతుంది. తేనె గడ్డకడితే కల్తీ అని కొందరు పారబోస్తుంటారు. అది పొరపాటు. గ్లూకోజు పలుకుగా మారడం తేనెకు సహజం. సీసాను గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే చాలు.

ఇక రకాల సంగతి. నల్లమలలో చెంచులు, మన్యంలో గిరిజనులు కొండ చరియల మీద నుంచి, ఎత్తైన చెట్ల మీద నుంచి దింపేది పెద్ద ఈగ పట్టు. పెట్టెల్లో పెంచే ఈగలు వేరు. చెట్టు తొర్రల్లో ఉండే కుట్టని చిన్న ఈగల తేనెలో నీరు ఎక్కువ, పులుపు కూడా ఎక్కువ. ఈగ మారినా, పువ్వు మారినా, వాన పడినా తేనె మారుతుంది. న్యూజిలాండులోని వైకాటో విశ్వవిద్యాలయంలో పీటర్ మోలన్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ఇదే పరిశీలించాడు. ఒక తేనెకు మరొక తేనెకు క్రిములను చంపే శక్తిలో వంద రెట్ల దాకా తేడా ఉండవచ్చని చెప్పాడు. ముదురు రంగు తేనెలు తరచుగా బలమైనవే గాని, రంగు చూసి తీర్పు చెప్పడానికి వీలులేదు. తెల్లనివన్నీ పాలు కావు అన్నట్టే!

మోలన్‌కు పేరు తెచ్చినది మనూకా తేనె. మనూకా అనేది న్యూజిలాండు, ఆస్ట్రేలియాలలో పెరిగే ఒక పొద. మామూలు తేనెలో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను మన రక్తంలో, కణాలలో ఉండే కాటలేజ్ అనే మరొక ఎంజైము విరగ్గొట్టేస్తుంది. అందుచేత గాజు పళ్ళెంలో గెలిచిన తేనె గాయంలో ఓడిపోవచ్చు. మనూకాకు కాటలేజ్ కలిపి చూసినా దాని బలం తగ్గలేదు. కారణం ఏమిటో చాలాకాలం తెలియలేదు. 2008లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు దాన్ని మిథైల్‌గ్లయాక్సాల్ అనే పదార్థంగా గుర్తించారు. వారు పరీక్షించిన మామూలు తేనెల్లో అది కిలోకు ఐదారు మిల్లీగ్రాములు కూడా దాటలేదు. మనూకాలో కొన్నిటికి ఏడు వందలు పైబడి ఉన్నది. దాని ధర కూడా అలాగే ఉంటుంది లెండి! రొట్టె మీద రాసుకోవడానికి అంత డబ్బు పోయనక్కరలేదని నా అభిప్రాయం. తిన్న తేనె జీర్ణమైపోతుంది. పుండు మీద పనిచేసినట్టు అది రక్తంలో పనిచేయదు.

మన దేశం వారు కూడా ఈ విషయంలో వెనుకబడలేదు. షోలాపూర్‌లోని సుబ్రహ్మణ్యం అనే శస్త్రవైద్యుడు 104 మంది కాలిన గాయాల రోగుల మీద తేనెను మామూలు మందుతో పోల్చి చూసి, ఆ ఫలితాలను 1991లో బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించాడు. తేనె వైపే ఫలితం బాగున్నది. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి 2015లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. పైపైన కాలిన గాయాలు తేనెతో నాలుగైదు రోజులు ముందుగా మానుతాయని, ఆపరేషను తర్వాత చీము పట్టిన గాయాలకు కూడా మేలేనని తేల్చింది. మానని కాలి పుండ్లకు మాత్రం అంత మేలు కనబడలేదు.

అయితే ఆసుపత్రిలో వాడేది మన అలమారలోని సీసా కాదు. దానిని బలం పరీక్షించి, గామా కిరణాలతో శుద్ధిచేసి, ట్యూబులలో నింపుతారు. మన సీసాలో ఏమున్నదో ఎవరికి తెలుసు? 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వారు 13 బ్రాండ్ల తేనెను పరీక్షలకు పెడితే, అన్నీ నెగ్గినవి మూడే. చక్కెర పాకం కలిపిన దానిలో ఈగ ఇచ్చిన ఎంజైము తగ్గిపోతుంది. నీళ్ళలో బొట్టు వేయడం, అగ్గిపుల్లను ముంచి గీయడం, చీమలు పడతాయా లేదా అని చూడటం వంటి మన ఇంటి పరీక్షలు ఈనాటి కల్తీ ముందు నిలవవు.

కాబట్టి చేయి కాలితే ముందు కుళాయి కింద చల్లని నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచండి. బొబ్బలు పెద్దవైతే ఆసుపత్రికి వెళ్ళండి. ముఖ్యంగా షుగరు ఉన్నవారు పాదానికి పుండు పడితే తేనె రాసి, గుడ్డ కట్టి, వారాల తరబడి ఇంట్లో కూర్చోవద్దు. నొప్పి తెలియకుండానే ఆ పుండు ఎముక దాకా పోతుంది. అలా కాలు తీయించుకొన్నవారు మన విచారణలలో ఎంతమంది లేరు! ఇక తినే విషయంలో, ఒక పెద్ద చెంచా తేనెలో సుమారు పదిహేడు గ్రాముల చక్కెర ఉంటుంది. మధుమేహం అన్న పేరులోనే మధువు ఉన్నది గదా. “తేనె సహజమైనది ఫాదర్, ఏమీ కాదు” అంటే ఒంట్లోని షుగరు వినదు. షుగరు లేని పెద్దలకు, ఏడాది దాటిన పిల్లలకు దగ్గుకు ఒక చెంచా తేనె మంచిదే.

చివరగా పసిబిడ్డల మాట. బిడ్డ పుట్టగానే తేనె నాకించడం మన ఇళ్ళలో ముద్దు ముచ్చట. అమ్మమ్మలూ, నాయనమ్మలూ నా మీద కోపగించుకోవద్దు. సంవత్సరం నిండని బిడ్డకు తేనె చుక్క కూడా పెట్టకూడదు. క్రిములు పెరగలేని తేనెలో భయమేమిటంటారా? క్రిములు పెరగలేవు, కాని బొటులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి బీజాలు కొన్ని తేనెలలో గట్టి పెంకు కట్టుకొని, చావకుండా పడి ఉంటాయి. స్వచ్ఛమైన కొండ తేనె అయినా అంతే, ఇంట్లో మరిగించినా అంతే. పెద్దల పేగులలో అవి మొలకెత్తవు. పసివాళ్ళ పేగులలో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. 1976లో అమెరికాలో ఈ జబ్బును మొదటిసారి గుర్తించారు. బిడ్డకు మలబద్ధకం పట్టడం, పాలు సరిగా చప్పరించలేకపోవడం, ఏడుపు నీరసంగా ఉండటం, కనురెప్పలు వాలిపోవడం, ఒళ్ళు మెత్తగా వేలాడిపోవడం దీని గుర్తులు. ఇవి కనబడితే తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి. తేనె నాకించి ఉంటే, అత్తగారు ఏమనుకుంటారోనని మొహమాట పడకుండా, ఎప్పుడు, ఎంత పెట్టారో డాక్టరుగారికి చెప్పండి.