తెర వెనక పని దొరకాలంటే

“సినిమాల్లోకి రావాలని ఉందండీ” అన్నవాళ్ళని “ఏ పనిలోకి?” అని అడిగి చూడండి. చాలామంది “ఏదైనా సరే” అంటారు. వినయంగానే అంటారు గానీ, ఆ మాట పట్టుకునే హైదరాబాద్ కృష్ణానగర్ గదుల్లో ఏళ్ళు దొర్లించేస్తారు. ఏ ప్రొడక్షన్ మేనేజరూ ఏదైనా చేసే మనిషి కోసం వెతకడు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాడు జ్వరంతో పడుకున్నాడు, రేపు ఆరింటికల్లా ఇంకొకడు కావాలి అని వెతుకుతాడు. ఆ ఇంకొకరి స్థానం మీద మీకు కన్నుండాలి.

హీరో హీరోయిన్లు కావాలనుకునేవాళ్ళ దారి వేరు. దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. సినిమా, టీవీ, రేడియో మూడింట్లోనూ ఇల్లు గడిపే మామూలు పనులు చాలా ఉన్నాయి. కొత్తవాళ్ళు వాటిలోకి ఎలా రావాలో చూద్దాం.

1. పనికి పేరు పెట్టుకోండి

మనవాళ్ళు ‘24 క్రాఫ్టులు’ అంటుంటారు. అసలు లెక్కకి వస్తే పనులు అంతకన్నా ఎక్కువే. వాటిని తెలుసుకోవడానికి ఖర్చులేని మార్గం ఒకటుంది. మీకు నచ్చిన రెండు మూడు సినిమాలు ఓటీటీలో పెట్టుకుని, చివర పేర్లు పైకి పాకేటప్పుడు ఆపి ఆపి కాగితం మీద రాసుకోండి. కో-డైరెక్టర్, ఫోకస్ పుల్లర్, సెట్ అసిస్టెంట్, కాస్ట్యూమర్, ఫోలీ ఆర్టిస్ట్, డీఐ కలరిస్ట్, కాంపోజిటర్. తెలియని పేరు పక్కన ప్రశ్నార్థకం వేసి, అదేమిటో ఆ రోజే తెలుసుకోండి. సాయంత్రానికి మీ చేతిలో ఉద్యోగాల జాబితా ఉంటుంది.

ఆ తర్వాత మీ స్వభావం చూసుకోండి. పదిమందితో మాట్లాడి పని చేయించుకోగలరా, డబ్బు లెక్క తప్పకుండా రాయగలరా? ప్రొడక్షన్ విభాగం మీకోసమే. ఒక్కరే చీకటి గదిలో పదిగంటలు కూర్చోగలిగితే ఎడిటింగ్, సౌండ్, వీఎఫ్ఎక్స్. వీఎఫ్ఎక్స్‌లో కొత్తవాళ్ళకి మొదట దొరికేది రోటో పని. అంటే షాట్‌లో మనిషి చుట్టూ ఫ్రేము ఫ్రేముకీ గీత గీసి, వెనక దృశ్యం నుంచి వేరు చెయ్యడం. వినడానికి విసుగ్గానే ఉంటుంది. కానీ ‘ఈగ’, ‘బాహుబలి’ల్లో మనం నోరు తెరుచుకుని చూసిన చాలా దృశ్యాలకి అడుగున ఇలాంటి పనే ఉంది. ఆ రెండింటికీ పనిచేసిన మకుట సంస్థ హైదరాబాద్‌దే. ఛోటా భీమ్‌ని పుట్టించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ కూడా ఇక్కడిదే.

భాష మీద పట్టున్నవాళ్ళు తమకి ఇందులో పాటలు, మాటలు తప్ప మరేం లేవనుకుంటారు. అది నిజం కాదు. ఓటీటీలు వచ్చాక తెలుగు సబ్‌టైటిళ్ళు రాసేవాళ్ళకీ, వేరే భాషల సిరీసులకి తెలుగు డబ్బింగ్ మాటలు రాసేవాళ్ళకీ గిరాకీ పెరిగింది. డబ్బింగ్ రచన తేలికేం కాదు. తెరమీద పెదవులు మూసుకునే చోట ‘ప’, ‘బ’, ‘మ’ల్లో ఒకటి పడాలి, అర్థం చెడకూడదు, మాట తెలుగులా ఉండాలి. రాజశ్రీ, వెన్నెలకంటి ఈ పనిలోనే పేరు తెచ్చుకున్నారు. గొంతు సంగతికొస్తే, ‘అరుంధతి’లో పశుపతిగా నటించింది సోనూ సూద్, జనాన్ని హడలగొట్టిన ఆ గొంతు మాత్రం డబ్బింగ్ కళాకారుడు రవిశంకర్‌ది.

2. ఎవరు పని ఇస్తారో తెలుసుకోండి

కొత్తవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. సురేష్ ప్రొడక్షన్స్, గీతా ఆర్ట్స్ లాంటి పెద్ద బ్యానర్లు చూసి, అక్కడ వందలమంది జీతాల మీద ఉంటారనుకుని గేటు దగ్గర బయోడేటాలు ఇస్తుంటారు. బ్యానర్ ఆఫీసులో ఉండే శాశ్వత ఉద్యోగులు కొద్దిమందే. అకౌంట్సు, మేనేజర్లు, కథలు వినేవాళ్ళు. మిగతా యూనిట్ అంతా సినిమాకొకసారి కూడుతుంది, ప్యాకప్ తర్వాత ఎవరి దారి వారిది. నిర్మాత కెమెరామన్‌ని మాట్లాడుకుంటాడు. కెమెరామన్ తన అసిస్టెంట్లని తను తెచ్చుకుంటాడు. ఎడిటరూ అంతే, ఆర్ట్ డైరెక్టరూ అంతే. కాబట్టి మీకు పని ఇచ్చేది కంపెనీ కాదు, ఆ విభాగం పెద్ద. ఇంకా చెప్పాలంటే, ఆయన దగ్గర ఐదారేళ్ళుగా ఉన్న మొదటి అసిస్టెంట్. మీరు పట్టుకోవలసింది ఆ మనిషిని.

టీవీ వేరు. అక్కడ ఉద్యోగం అంటే ఉద్యోగమే. నెల జీతం, షిఫ్టు, సెలవు అడగడానికి ఒక మనిషి. దూరదర్శన్ హైదరాబాద్ కేంద్రం 1977లో మొదలైంది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. ఆ తర్వాత మా, జీ తెలుగు, వార్తల చానళ్ళు. ఈ చానళ్ళకి కాపీ ఎడిటర్లు, బులెటిన్ ప్రొడ్యూసర్లు, వీడియో ఎడిటర్లు, ప్రోమోలు కట్ చేసేవాళ్ళు, గ్రాఫిక్స్‌వాళ్ళు, వాయిస్ ఓవర్ చెప్పేవాళ్ళు ఏడాది పొడుగునా కావాలి. సీరియళ్ళు మాత్రం చాలావరకు బయటి నిర్మాణ సంస్థలు తీసి చానల్‌కి ఇస్తాయి. రోజుకో ఎపిసోడ్ పోవాలి గనక షూటింగ్ ఆగదు. అందుకే నా మట్టుకు నేను, పని త్వరగా నేర్చుకోవాలనుకునేవాళ్ళని మొదట సీరియల్‌కే వెళ్ళమంటాను. సినిమాలో వారం పట్టే సీన్లు అక్కడ ఒక పూటలో అయిపోతాయి, చేతికి వేగం వస్తుంది. సీరియల్ అంటే చిన్నచూపు ఉన్నవాళ్ళకి ఒక్క మాట. రాజమౌళి కోటగిరి వెంకటేశ్వరరావుగారి దగ్గర ఎడిటింగ్‌లో పనిచేశారు, ఈటీవీకి ‘శాంతి నివాసం’ సీరియల్ తీశారు. ‘స్టూడెంట్ నంబర్ 1’ 2001లో వచ్చింది, వీటన్నిటి తర్వాత.

రేడియోలో చోటు తక్కువ, పోటీ ఎక్కువ. ఎఫ్ఎం స్టేషన్ అనగానే ఆర్‌జే ఒక్కరే గుర్తొస్తారు గానీ, లోపల ప్రోగ్రాం ప్రొడ్యూసర్, 20 సెకన్ల ప్రకటన రాసే కాపీ రైటర్, సౌండ్ ఇంజనీర్, ప్రకటనలు తెచ్చే సేల్స్‌వాళ్ళు ఉంటారు. మైకు కావాలనుకుని వెళ్ళి కాపీ రైటర్‌గా చేరినా మంచిదే, మైకు పక్క గదిలోనే ఉంటుంది. ఆకాశవాణి దారి మరోలా ఉంటుంది. క్యాజువల్ అనౌన్సర్లు, న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్ల కోసం కేంద్రాలు అప్పుడప్పుడు ప్రకటన ఇస్తాయి. రాతపరీక్ష, ఆ తర్వాత స్వర పరీక్ష ఉంటాయి. ప్యానెల్లో పేరెక్కినా నెలలో కొన్ని డ్యూటీలే పడతాయి, దాని మీదే బతకడం కష్టం. అయినా ఉచ్చారణ అంత శ్రద్ధగా దిద్దే చోటు మరొకటి లేదు. విజయవాడ కేంద్రం 1948లో పెట్టినప్పటి నుంచీ అక్కడి నాటకం వేరు, అక్కడి తెలుగు వేరు. ఉషశ్రీగారి రామాయణ భారతాలు విని పెరిగిన తరానికి ఈ సంగతి చెప్పక్కర్లేదు.

3. ఎక్కడ నేర్చుకోవాలి

కోర్సు లేకుండా రాలేమా అంటే రావచ్చు. కోర్సు చేస్తే మంచిదా అంటే, కెమెరా, సౌండ్, ఎడిటింగ్, యానిమేషన్‌లకి మంచిదే. దర్శకత్వం, ప్రొడక్షన్ మటుకు సెట్ మీదే వంటబడతాయి. పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా సత్యజిత్ రే సంస్థ ప్రభుత్వానివి, ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీ, యానిమేషన్ డిగ్రీలున్నాయి. అన్నపూర్ణ స్టూడియోస్ ఆవరణలో 2011 నుంచి ఒక ఫిల్మ్ కళాశాల నడుస్తోంది. వార్తల వైపు వెళ్ళేవాళ్ళు ఈనాడు జర్నలిజం స్కూల్ ప్రకటన కోసం కనిపెట్టుకుని ఉండండి, అక్కడ నేర్చుకునే రోజుల్లోనే భృతి ఇస్తారు. అపార్ట్‌మెంట్ మొదటి అంతస్తులో మూడు నెలల్లో డైరెక్టర్‌ని చేస్తామనేవాళ్ళకి లక్షలు పోయకండి. ఆ డబ్బు ఆరునెలల గది అద్దెకీ మెస్సుకీ దాచుకుంటే నిజంగా పనికొస్తుంది.

4. చూపించడానికి ఒకటి చేతిలో పెట్టుకోండి

సర్టిఫికెట్ ఎవరూ అడగరు, చేసిన పని అడుగుతారు. ఎడిటర్ దగ్గరకు వెళ్తే మీరు కట్ చేసిన మూడు నిమిషాల ముక్క. రోటో పనికి ముందూ తర్వాతా చూపించే ఐదారు షాట్లు. రేడియోకి నిమిషంన్నర ఆడియో. కాపీ రైటింగ్‌కి మీ ఊరి చెప్పుల షాపు మీద రాసిన రెండు ప్రకటనలు. స్నేహితులతో షార్ట్ ఫిల్ము తీస్తే అందులో అన్ని పనులూ మీరే నెత్తినేసుకోకండి. ఒక్క పని చేసి, దాన్నే చూపించండి.

5. అడగండి

ఫోన్ కన్నా మెసేజ్ నయం, షూటింగ్‌లో ఉన్న మనిషి ఫోన్ ఎత్తలేడు. “సర్, చిన్నప్పట్నుంచి సినిమా అంటే ప్రాణం” అని మొదలుపెడితే రెండో వాక్యం ఎవరూ చదవరు. ఇలా రాయండి:

“నమస్కారం సర్. నా పేరు ఫలానా, మాది తెనాలి. ఎడిటింగ్ నేర్చుకున్నాను. రెండు షార్ట్ ఫిల్ములు కట్ చేశాను, మూడు నిమిషాల నమూనా లింకు కింద ఉంది. ప్రస్తుతం యూసుఫ్‌గూడలో ఉంటున్నాను. అసిస్టెంట్ అవసరమైతే రేపే రాగలను.”

ఊరు, పని, నమూనా, ఎప్పుడు రాగలరు. అంతే. జవాబు రాకపోతే పది పదిహేను రోజులాగి మళ్ళీ ఒకసారి కదపండి. వారంలో నాలుగుసార్లు మాత్రం వద్దు. కొబ్బరికాయ కొట్టిన ఫోటోలు పేపర్లో వచ్చేసరికి టీము చాలావరకు కుదిరిపోయి ఉంటుంది, కథ మీద కూర్చున్నారని తెలిసినప్పుడే వెళ్ళాలి. మూఢాల్లో, ఆషాఢంలో కొత్త ముహూర్తాలు పెద్దగా ఉండవు. మనుషులు ఆఫీసుల్లో కాస్త తీరిగ్గా దొరికేది అప్పుడే.

హైదరాబాద్ రాకుండా మొదలుపెట్టే దారి కూడా ఉంది. గోదావరి లంకలకో అరకుకో యూనిట్ దిగితే ఇళ్ళు, పడవలు, అనుమతులు, జనం సమకూర్చే స్థానికుడు కావాలి. ఆ షెడ్యూల్లో నమ్మకంగా చేసినవాణ్ణి మేనేజర్ ఫోన్‌లో దాచుకుంటాడు.

6. సెట్ మీద మొదటి రోజులు

కాల్షీట్ ఆరింటికైతే మీరు ఐదున్నరకే ఉండాలి. దర్శకత్వ శాఖలో చేరితే మొదట చేతికొచ్చేది క్లాప్ బోర్డు. దాని మీద సీను, షాటు, టేకు అంకెలుంటాయి. కెమెరా తిరగ్గానే ఆ అంకెలు గట్టిగా చదివి, చెక్క కొట్టి, ఫ్రేములోంచి చటుక్కున తప్పుకోవాలి. చెక్క మూసుకున్న ఫ్రేమునీ ఆ ‘టక్’ శబ్దాన్నీ కలిపి ఎడిటర్ బొమ్మకీ ధ్వనికీ జత కుదురుస్తాడు. మన సినిమాల్లో మాటలు తర్వాత డబ్బింగ్ చెప్పినా, సెట్‌లో తీసుకున్న పైలట్ ట్రాక్ ఆధారంగానే చెప్తారు గనక దీని అవసరం పోలేదు. అంకె తప్పు రాస్తే ఆ సంగతి రెండు నెలల తర్వాత ఎడిటింగ్ గదిలో బయటపడుతుంది, మీ పేరుతో సహా.

తర్వాత కంటిన్యుటీ, అంటే విడివిడిగా తీసిన షాట్లు ఒకదానితో ఒకటి కలిసేలా చూడటం. వంటింట్లో మొగుడూ పెళ్ళాల గొడవ అనుకోండి. దూరం షాట్ ఇవాళ తీస్తారు, క్లోజప్‌లు వర్షం వచ్చి ఐదు రోజుల తర్వాత. కాఫీ గ్లాసు ఏ చేతిలో ఉంది, ఎంత తాగాడు, చొక్కా చేతులు ఎన్ని మడతలు, ఆమె నుదుట చెమటకి కుంకుమ చెదిరిందా, గోడ గడియారంలో ఎంతయింది? ఇవన్నీ మీ నోటుపుస్తకంలో ఉండాలి. ఫోన్‌లో ఫోటో తీస్తే సరిపోదా అంటే, గ్లాసు ఏ మాట దగ్గర కింద పెట్టాడో ఫోటో చెప్పదు.

సెట్‌లో పిలుపులకీ ఒక పద్ధతుంది. లైట్‌మన్‌నీ ప్రొడక్షన్ బాయ్‌నీ ‘అన్నా’ అనండి, వాళ్ళు మీకన్నా పాతిక సినిమాలు ముందున్నవాళ్ళు. ఫైట్, డ్యాన్స్ చేయించేవాళ్ళు మాస్టర్లు. పక్క విభాగం సామాను ముట్టుకోకండి, సాయం చేద్దామనిపించినా సరే.

7. కార్డు, డబ్బు, జాగ్రత్త

చాలా విభాగాల్లో కొన్నాళ్ళు చేశాక సంఘం కార్డు తీసుకోవాలి. ఫీజు సంఘాన్నిబట్టి ఉంటుంది, కొన్నిట్లో గట్టిగానే ఉంటుంది. పని రుచి తెలియకుండా అప్పు చేసి కార్డు కొనకండి. కార్డు విలువ తెలిసేది వేతనాల దగ్గర. 2025 ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచాలని సినీ కార్మిక సంఘాల ఫెడరేషన్ పట్టుబట్టి రెండు వారాలకు పైగా షూటింగులు ఆపేసింది. ఒంటరిగా ఎవరూ చేయలేని పని అది.

ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్ళెవరైనా మోసగాళ్ళే, ఇందులో మినహాయింపు లేదు. ‘కో-ఆర్డినేటర్’ అని పరిచయం చేసుకుని పోర్ట్‌ఫోలియో, రిజిస్ట్రేషన్ అంటూ మొదలెడితే లేచి వచ్చేయండి. ఆడపిల్లలు ఇంటర్వ్యూకి ఆఫీసుకే, పగటి పూటే వెళ్ళండి. 2013 నాటి పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం షూటింగ్ స్పాట్‌కీ వర్తిస్తుంది. సంస్థలో అంతర్గత కమిటీ లేకపోతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

సంస్థ పేరు చూసి భరోసా పెట్టుకోవడం కూడా పొరపాటే. ‘లైఫ్ ఆఫ్ పై’ గ్రాఫిక్స్‌కి 2013లో ఆస్కార్ వచ్చింది. ఆ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్‌కి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. అవార్డు అందుకున్న నెలలోనే ఆ అమెరికా కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. కాబట్టి ఎంత పెద్ద చోటైనా మొత్తం ఎంత, బేటా (రోజువారీ భత్యం) విడిగానా కలిపా, ఎన్ని వాయిదాల్లో, ఎప్పుడు అన్నవి చేరేముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. సినీ కార్మికులకి రాతపూర్వక ఒప్పందం ఉండాలని కేంద్రం 1981లోనే చట్టం చేసింది. ఒప్పందం ఇవ్వమంటే మొహం చిట్లించేవాళ్ళకి, మాట్లాడుకున్నదంతా మెసేజ్‌గా పంపి “సరేనా సర్?” అని అడగండి. ఆ ‘సరే’ చెరపకుండా దాచుకోండి. ఇచ్చే డబ్బులో టీడీఎస్ పట్టుకుంటారు. చేరినరోజే పాన్ నంబరు ఇచ్చి, ఆ పట్టుకున్నది మీ పేరున జమైందో లేదో పన్నుల శాఖ వెబ్‌సైట్‌లో చూసుకుంటూ ఉండండి. మొదటి ఏడాది సంపాదన ఎలాగూ పన్ను పడేంత ఉండదు, గడువులోగా రిటర్ను వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది.